బలపం పడితే వేళ్ళు బిగుస్తున్నాయి

ప్రశ్న: నాకు 48 ఏళ్ళు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్నాను. కాసేపటికే వేళ్ళు కొయ్యబారుతున్నాయి. ఫ్లోరైడు వల్లనా? చదువు మానేయమంటారా? ఈ ఉత్తరం మా అమ్మాయి చేత రాయిస్తున్నాను.
– ఒక సోదరి, మర్రిగూడ (నల్లగొండ జిల్లా)

జవాబు: మానకండి. ఈసారి ఉత్తరం మీ చేత్తోనే రావాలి! కొడవలికి అలవాటైన చెయ్యి బలపాన్నీ అంతే బిగించి పడుతుంది. వదులుగా పట్టుకుని పెద్ద అక్షరాలు రాయండి. మధ్యమధ్య చెయ్యి విదిలించండి. రాత ఆపగానే తగ్గే నొప్పి చాలావరకు అలసటే.

ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ వేళ్ళతో ఆగదు. మెడ, నడుము బిగుస్తాయి. మెడ తిరగకపోయినా, వంగలేకపోయినా, చేతుల్లో తిమ్మిరి ఉన్నా, పట్టు సడలినా వెంటనే జిల్లా ఆసుపత్రిలో చూపించుకోండి.

బోరునీళ్ళు కాచినా ఫ్లోరైడు పోదు. పటిక, సున్నంతో దాన్ని తీసే పద్ధతికి 1970లలో మీ జిల్లా పేరే పెట్టారు. శుద్ధిచేసిన కృష్ణా నీళ్ళే తాగండి, వంటకూ అవే వాడండి.