నడకకూ మోతాదు రాయాలి

పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురంలోనో గిద్దలూరులోనో బీపీ, షుగరు చూపించుకుని బయటికొచ్చిన మనిషి చేతిలో మందుల చీటీ ఉంటుంది. ప్రతి మాత్రకూ అందులో లెక్క ఉంటుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తినక ముందు, తిన్నాక. చీటీకెక్కని మాట ఒకటి లేచి వచ్చేటప్పుడు వినబడుతుంది: "రోజూ వాకింగ్ చెయ్యండి." ఎంతసేపు, ఎంత వేగంగా, గుండె దడ వస్తే ఆగాలా సాగాలా అన్నది మాత్రం చాలాసార్లు ఎవరూ చెప్పరు. పదేళ్లుగా కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి మర్నాడే కొత్త బూట్లు తొడుక్కుని బయల్దేరతాడు. రెండు వీధులు దాటేసరికి రొప్పు, గుండె దడ. చేతి వాచీ 140 చూపిస్తుంది. ఆయన వెనక్కి వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుంటాడు.

ఆ భయాన్ని పిరికితనం అనకూడదు. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ వ్యాయామం చేసిన పూటే గుండెపోటుతో పోయారు. 46 ఏళ్లు. నాలుగు నెలలు తిరక్కముందే, 2022 ఫిబ్రవరి 21న, అప్పటి రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్లకే కన్నుమూశారు. ఫిట్‌నెస్ మీద శ్రద్ధ ఉన్న మనిషని అందరికీ పేరు, పైగా పొరుగు జిల్లా నెల్లూరు వారు. 2025 జూలైలో హైదరాబాద్ నాగోల్‌లో షటిల్ ఆడుతూ ఇరవైల్లో ఉన్న ఒక యువకుడు కుప్పకూలిన వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది. ఇవన్నీ చూశాక "ఎక్సర్‌సైజు చేసినవాళ్లే పోతున్నారు, మనకెందుకు" అనే మాట రచ్చబండల దాకా వచ్చేసింది.

ఆ మాటలో నిజం ఎంతో 1993లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. గుండెపోటు వచ్చి బతికిన 1,200 మందికి పైగా రోగులను డాక్టర్ ముర్రే మిటిల్‌మన్ బృందం అడిగి చూసింది: పోటు వచ్చే ముందు గంటలో మీరేం చేస్తున్నారు? బాగా శ్రమపడిన తర్వాతి గంటలో ముప్పు మామూలు కంటే దాదాపు ఆరు రెట్లు పెరుగుతుందని తేలింది. అసలు సంగతి ఆ సగటు వెనక ఉంది. వారానికి కనీసం అయిదుసార్లు ఒళ్లు వంచే అలవాటున్నవారిలో ఆ పెరుగుదల రెండున్నర రెట్లకు లోపే. ఏ అలవాటూ లేనివారిలో 107 రెట్లు. ఈ అంకె చూసి హడలిపోనక్కర్లేదు, ఏ ఒక్క గంటలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం ఎలాగూ బహు స్వల్పం. కానీ ప్రమాదం వ్యాయామంలో కంటే దాన్ని ఒక్కసారిగా నెత్తికెత్తుకోవడంలోనే ఉందని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే లెక్క మరొకటి దొరకదు.

కదలకుండా కూర్చుంటే గుండెకు ఏమవుతుందో కూడా కొలిచి చూశారు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా ఉంచారు. శ్రమలో ప్రాణవాయువును వాడుకునే శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం ఆనాటి మూడు వారాల మంచం చేసినదాని కన్నా తక్కువేనని తేలింది. యాభై ఏళ్ల వయసులో వాళ్ల చేత ఆరు నెలలు నెమ్మదిగా సాధన చేయిస్తే, వయసు వల్ల తగ్గిన శక్తి తిరిగి వచ్చింది. కదలిక మానేసిన ఒంట్లో నెత్తురు పరిమాణం తగ్గుతుంది, ఒక్కో స్పందనకు గుండె పంపే నెత్తురూ తగ్గుతుంది. అదే పనికి అది ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. కొత్తగా నడక మొదలుపెట్టినప్పుడు వచ్చే దడలో ఎక్కువ భాగం ఇదే. సాధన సాగుతున్న కొద్దీ అది తగ్గుతుంది.

మనవాళ్ల ఇబ్బంది ఏమిటంటే ఏడాదంతా కూర్చుని ఒక్క రోజులో లెక్క తేల్చేయాలనుకోవడం. మొక్కు ఉందని అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లూ ఒక్క ఊపున ఎక్కేవాళ్లున్నారు. గుండెజబ్బులు, బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు నడకదారిన రావద్దని 2024లో టీటీడీ చెప్పాల్సి వచ్చింది. మన ప్రాంతంలోని త్రిపురాంతకం కొండ అంత ఎత్తు కాకపోయినా శివరాత్రి నాడు ఉపవాసంతో, నీళ్లు కూడా తాగకుండా ఎక్కితే గుండెకు అదీ భారమే. మొక్కు తీర్చుకోవద్దని ఎవరూ అనరు. దానికి మూడు నెలల ముందు నుంచి రోజూ నడిచి, దేహాన్ని సిద్ధం చేసుకుని ఎక్కడం భక్తికి ఏ రకంగానూ లోటు కాదు.

ఇక వాచీలో అంకెల సంగతి. 220లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందని అందరూ చెప్పే సూత్రం 1971 నాటిది. యాభై ఏళ్లవారికి 170 వస్తుంది. మధ్యస్థమైన శ్రమ అంటే అందులో 64 నుంచి 76 శాతం, అంటే 109 నుంచి 129 దాకా. కానీ అది సగటు. ఒకే వయసున్న ఇద్దరి మధ్య 20 తేడా ఉన్నా వింత లేదు. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్లకు ఆ లెక్క అసలు పనికిరాదు. ఆ మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కాబట్టి, వాచీలో 105 ఉందని ధీమాగా వేగం పెంచితే ఒళ్లు అప్పటికే అలిసిపోయి ఉండవచ్చు. వాచీ పట్టీ వదులైనా, చెమట పట్టినా తప్పు అంకె రావచ్చు. అంతకన్నా నమ్మదగింది పక్కన నడిచే మనిషి. "ఏం వదినా, పెద్దోడి కాలేజీ ఫీజు కట్టేశారా?" అని ఒక్క ఊపిరిలో అడగగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తగ్గించాలి. నడుస్తూ హాయిగా పాట పాడగలిగితే ఇంకొంచెం పెంచవచ్చు.

పశ్చిమ ప్రకాశంలో గుండె వేగాన్ని పెంచే కారణం నడక ఒక్కటే కాదు, వేరేవీ ఉన్నాయి. వాటిని పట్టించుకోకుండా నగరాల్లో అచ్చయిన సలహాలు ఇక్కడ పంచడం అన్యాయం. మొదటిది ఎండ. మే నెలలో 45 డిగ్రీలు తాకే ప్రాంతమిది. వేడిలో ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మానికి కూడా నెత్తురు తోలాలి. అదే నడకకు జనవరిలో 110 ఉన్న వేగం మేలో ఇంకా పైకి పోతుంది. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లలో నీళ్లు తక్కువ తాగడం అలవాటైపోయింది. ఒంట్లో నీరు తగ్గితే దడ పెరుగుతుంది.

రెండోది రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. హిమోగ్లోబిన్ తక్కువైతే ప్రాణవాయువు చాలినంత చేరవేయడానికి గుండె పరుగు తీయక తప్పదు. మెట్లెక్కితే దడ అని చెప్పే ఆడమనిషికి "భయపడకు, అలవాటవుతుంది" అనే ముందు ఒక రక్తపరీక్ష చేయించాలి. ఆమెకు నడక కన్నా ముందు కావలసింది ఐరన్ మాత్ర కావచ్చు. థైరాయిడ్ ఎక్కువైనా దడే.

మూడోది ఫ్లోరైడ్. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ కనిగిరి, పొదిలి వైపు పల్లెల్లో తరాల పాటు ఎముకల్లోకి దిగింది. మోకాళ్లు, నడుము బిగుసుకుపోయిన మనిషిని అరగంట చకచకా నడవమంటే ముందు నొప్పితో గుండె వేగం పెరుగుతుంది, తర్వాత మనిషి నడకే మానేస్తాడు. అలాంటివారికి గోడ పక్కన కుర్చీ వేసుకుని పదిసార్లు కూర్చుని లేవడం, కూర్చున్నచోటే చేతులు కాళ్లు ఆడించడం మేలైన మొదలు. పలకల గనుల్లో, ఫ్యాక్టరీల్లో ఏళ్లకేళ్లు దుమ్ము పీల్చినవాళ్లకు ఆయాసం గుండె వల్లా ఊపిరితిత్తుల వల్లా అన్నది ముందు తేలాలి.

మొదలు ఎలా ఉండాలంటే, నమ్మలేనంత చిన్నగా. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. అందులోనూ మొదటి మూడు నిమిషాలు, చివరి మూడు నిమిషాలు ఆడుతూపాడుతూ. చటుక్కున ఆగిపోతే కళ్లు తిరుగుతాయి కాబట్టి చివర్లో వేగం తగ్గించుకుంటూ రావాలి. వారానికి అయిదేసి నిమిషాలు పెంచాలి. ముందు సమయం పెరగాలి, వేగం ఆ తర్వాతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల మధ్యస్థ శ్రమ రెండు మూడు నెలల్లో చేరాల్సిన ఊరు, మొదటి వారం మజిలీ కాదు. లేచిన వెంటనే మంచం మీదే మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి నాడి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసి రాసుకుంటే, కొన్ని వారాలకు ఆ అంకె కిందికి దిగడం కనబడుతుంది. వాచీ ఇచ్చే భయం కన్నా ఆ కాగితం ఇచ్చే ధైర్యం ఎక్కువ.

కొందరు మాత్రం ఆసుపత్రికి వెళ్లాకే మొదలుపెట్టాలి. గుండెజబ్బు, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు. విశ్రాంతిలో కూడా నాడి వంద దాటి ఉండేవాళ్లు, లేదా తాళం తప్పి కొట్టుకునేవాళ్లు. ఇంట్లో చిన్న వయసులోనే హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్న కుటుంబాలు. నడుస్తుండగా ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి దవడకో చేతికో పాకినా, చల్లటి చెమట పట్టినా, కళ్లు చీకట్లు కమ్మినా అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయాలి. దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవడమే ఇక్కడ ప్రాణాలు తీస్తోంది. మార్కాపురం నుంచి పెద్దాసుపత్రులున్న ఒంగోలు తొంభై కిలోమీటర్ల పైచిలుకు, గిద్దలూరు నుంచి ఇంకా దూరం. అందుకే 2023లో మొదలైన స్టెమీ పథకం ఈ ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యం. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి నిపుణుడికి పంపి, గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇచ్చే ఏర్పాటు అది. అది ఉందని ప్రతి ఇంటికీ తెలియాలి.

ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు పరీక్ష చేయడం గ్రామ ఆరోగ్య కేంద్రాల పనే. యంత్రం అక్కడే ఉంది, ఏఎన్‌ఎం అక్కడే ఉంది, ఇల్లిల్లూ తెలిసిన ఆశా కార్యకర్త ఉంది. ఆ పరీక్షతో పాటు నాడి చూసి, ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ కూడా చూసి, మందుల చీటీలోనే నడక మోతాదు రాసివ్వడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి, ఆడవాళ్లలోనైతే 57 శాతం మందికి చాలినంత కదలిక లేదు. వాళ్లను కదిలించడానికి చోటు కూడా కావాలి. గుంటూరు నుంచి అనంతపురం పోయే హైవే గిద్దలూరు, కంభం మీదుగా, కనిగిరి వైపు పోయేది మార్కాపురం మీదుగా సాగుతాయి. చీకటితో లారీల పక్కన నడవమని ఆడవాళ్లకు, ముసలివాళ్లకు చెప్పడం భావ్యం కాదు. హైస్కూలు, కాలేజీ మైదానాల గేట్లు తెల్లవారుజామున అయిదింటి నుంచి ఏడింటి దాకా తీసి, రెండు దీపాలు, ఒక మంచినీటి కుళాయి పెట్టడం మునిసిపాలిటీకీ పంచాయతీకీ చేతనైన పనే. నడక మొదలుపెట్టడానికి కార్తీకం నుంచి మాఘం దాకా చలికాలం అనువైనది. ఎండలు ముదిరేనాటికి గుండె ఆ పనికి అలవాటు పడి ఉంటుంది. అప్పుడు సమయాన్ని తెల్లవారుజాముకు మార్చుకుని, వేగం ఒక మెట్టు తగ్గించుకుంటే చాలు.