ఇరవై నాలుగు డిగ్రీల వెనుక లెక్క

ఇంట్లోని ఏసీని ఎన్ని డిగ్రీలకు పెట్టుకోవాలన్నది ఇంతకాలం ఆ ఇంటివారి ఇష్టం. 2025 జూన్‌లో అది దేశవ్యాప్త చర్చగా మారింది. ఇకపై ఏసీలు 20 డిగ్రీలకు దిగువన, 28 డిగ్రీలకు ఎగువన పనిచేయకుండా నిబంధన తీసుకురానున్నట్లు కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి మనోహర్‌లాల్ ఖట్టర్ ప్రకటించారు. మా ఇంటి చల్లదనాన్ని ఢిల్లీ నిర్ణయించడమేమిటని కొందరు ఆక్షేపించారు. కరెంటు పొదుపునకు ఇంతకన్న సులువైన మార్గం లేదని మరికొందరు సమర్థించారు. కొద్దిరోజులకే పర్యావరణ శాఖ మంత్రి భూపేందర్ యాదవ్, అటువంటి పరిస్థితి 2050 తరువాతనే రావచ్చునని అన్నారు.

నిబంధన సంగతి అటుంచుదాం. రిమోట్‌పై కనిపించే అంకెకు అర్థమేమిటో తెలియనంతవరకు ఏ నిబంధన వచ్చినా ప్రయోజనం అంతంతమాత్రమే. ఈ విషయంలో సరిహద్దు జిల్లాల తెలుగువారి పరిస్థితి ప్రత్యేకమైనది. బళ్ళారి, హోసూరు, బరంపురం, చంద్రపూర్, యానాం - మాట్లాడేది ఒకే భాష. కాని ఎండ ఒకటి కాదు, గాలిలో తేమ ఒకటి కాదు, కరెంటు బిల్లు లెక్కగట్టే పద్ధతి అంతకన్నా ఒకటి కాదు. కనుక ఒక ఊరి బంధువు చెప్పిన సలహా మరో ఊరిలో చెల్లకపోవచ్చు.

ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది?

హోటళ్ళు, విమానాశ్రయాలు, కార్యాలయాలు ఏసీలను 24 - 26 డిగ్రీల మధ్య ఉంచాలని 2018 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ సలహా ఇచ్చింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని, వినియోగదారులందరూ పాటిస్తే ఏడాదికి 2 వేల కోట్ల యూనిట్లు మిగులుతాయని అప్పట్లో అంచనా వేసింది. ఆ తరువాత 2019 అక్టోబరు 30న వెలువడిన ఉత్తర్వు ప్రకారం, 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తుతో వచ్చే గది ఏసీలన్నీ మొదట 24 డిగ్రీలతోనే పనిచేయడం ఆరంభించాలి. తరువాత దానిని తగ్గించుకునే, పెంచుకునే స్వేచ్ఛ కొన్నవారిదే. బలవంతం లేకుండా మంచి అలవాటును ముందుంచే పద్ధతి ఇది.

ఇటువంటి ప్రయత్నం మన దేశంలోనే మొదలైంది కాదు. జపాన్ ప్రభుత్వం 2005లోనే వేసవిలో కార్యాలయాలను 28 డిగ్రీల వద్ద ఉంచి, ఉద్యోగులు కోటు, టై వదిలి తేలికపాటి దుస్తులు ధరించాలని ప్రచారం చేపట్టింది. ఇంధన కొరత తలెత్తిన 2022లో ఇటలీ ప్రభుత్వ భవనాలకు 25 డిగ్రీల పరిమితిని, స్పెయిన్ దుకాణాలకు, ప్రభుత్వ భవనాలకు 27 డిగ్రీల పరిమితిని విధించాయి.

ఉష్ణదేశంలో పుట్టి పెరిగిన శరీరానికి ఎంత చల్లదనం చాలునన్న ప్రశ్నకు మన దేశంలోనే సమాధానం వెదికారు. అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, సిమ్లా నగరాలలోని కార్యాలయాలలో పనిచేసేవారిని పరిశీలించారు. విదేశీ ప్రమాణాలు చెప్పేదానికన్న ఎక్కువ ఉష్ణోగ్రతలోనూ భారతీయులు సుఖంగానే ఉండగలరని, బయటి ఋతువును బట్టి ఆ సుఖపు హద్దు మారుతూ ఉంటుందని వారు తేల్చారు. ఏసీ గదిలో దుప్పటి కప్పుకొని పడుకునేవారందరూ ఈ మాటను ఒక్కసారి ఆలోచించవలసి ఉంది.

తొట్టి, గీత

ఎండనపడి ఇంటికి వచ్చినవారు ముందుగా చేసే పని ఏసీని 16కో 18కో దించడం. అలా చేస్తే గది త్వరగా చల్లబడుతుందని నమ్మకం. ఇది పొరపాటు. నీళ్ళ తొట్టిలో ఒక గీత గీసి, అంతవరకు నీరు రాగానే మోటారు ఆగిపోయేట్లు ఏర్పాటు చేశామనుకోండి. గీతను పైకి జరిపినంతమాత్రాన మోటారు ఎక్కువ వేగంతో నీరు తోడదు. ఎక్కువసేపు తోడుతుంది, అంతే. థర్మోస్టాట్ ఆ గీత వంటిది. పాతరకం ఏసీలో కంప్రెసర్ పనిచేస్తే పూర్తి బలంతో పనిచేస్తుంది, లేకుంటే ఆగుతుంది. ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడిన కొద్దీ వేగం తగ్గించుకుంటుంది. అంకె 16 వద్ద ఉంటే ఆ స్థాయికి గది చేరడమే కష్టం గనుక వేగం తగ్గించుకునే అవకాశమే దానికి దొరకదు. ఎక్కువ ధర పెట్టి కొన్న ఇన్వర్టర్ పొదుపు అక్కడే పోతుంది.

డిగ్రీకి 6 శాతం ఎలా వస్తుందో కూడ సులభంగానే అర్థం చేసుకోవచ్చు. వెలుపల 40 డిగ్రీలుండగా లోపల 20 ఉంచితే తేడా 20. లోపల 26 ఉంచితే తేడా 14. గోడల గుండా లోపలికి వచ్చే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది. అంటే ఆరు డిగ్రీలతో లోపలికి వచ్చే వేడిలో దాదాపు మూడోవంతు తగ్గుతుంది. యంత్రం తోడిపోయవలసింది ఆ మేరకు తగ్గినట్లే.

మరి 24 పెట్టినా ఉక్కపోస్తున్నదని అనేవారి మాటలో నిజం లేదా? ఉంది. థర్మోస్టాట్ కొలిచేది గాలి వేడిని మాత్రమే. పగలంతా ఎండలో కాగిన సిమెంటు స్లాబు రాత్రి పది దాటినా మన నెత్తిన వేడిని వెదజల్లుతూనే ఉంటుంది. ఆ వేడి యంత్రం కంటికి ఆనదు, మన ఒంటికి తెలుస్తుంది. అందుకే పై అంతస్తులో ఉండేవారు అంకెను దించుకుంటూ పోతారు. వారికి కావలసింది అంకె తగ్గించడం కాదు, పైకప్పును చల్లబరచడం. మన పూర్వీకుల మట్టి మిద్దెలకు ఈ బాధ తక్కువ. సిమెంటు మిద్దెపై తెల్లని సున్నమో, ఎండను తిప్పికొట్టే రంగో వేయించుకోవడానికి అయ్యే ఖర్చు, ఏసీ ఖర్చు ముందు స్వల్పం.

శ్లాబు గట్టు దాటితే

ఇక బిల్లు సంగతి. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి బలంతో నడిచినప్పుడు గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుంది. మధ్యమధ్య ఆగడం, వేగం తగ్గడం ఉంటాయి గనుక, 20 డిగ్రీల వద్ద రాత్రికి 6 యూనిట్ల చొప్పున నెలకు 180 యూనిట్లు అయిందని అనుకుందాం. పంకాలు, దీపాలు, ఫ్రిజ్, టీవీ కలిపి మరో 70. మొత్తం 250. అదే ఏసీని 26 వద్ద ఉంచితే, డిగ్రీకి 6 శాతం లెక్కన, 180 యూనిట్లు సుమారు 124కు దిగుతాయి. మొత్తం 194.

ఈ 250కి, 194కు మధ్య ఉన్న తేడా 56 యూనిట్లే. కాని కర్ణాటకలో ఉన్నవారికి దీని అర్థం వేరు. అక్కడ 2023 ఆగస్టు బిల్లులతో అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకం ప్రకారం, నెలకు 200 యూనిట్లు దాటినవారు మొత్తం బిల్లు చెల్లించవలసిందే. లోపల ఉన్నవారికి 2022-23 నాటి తమ సగటు వాడకాన్ని ఆధారం చేసుకొని నిర్ణయించిన మేరకు ఉచితం. ఆపైన వాడినంతకే చెల్లింపు. కనుక బళ్ళారి, రాయచూరు, కోలారు కుటుంబాలకు వేసవి నెలలలో రిమోట్‌పై ఆ ఆరు డిగ్రీలు, రాయితీ నిలవడానికీ పోవడానికీ మధ్య గట్టు.

తమిళనాడులో లెక్క రెండు నెలలకు ఒకసారి. 2025 నాటి పట్టికలో మొదటి 100 యూనిట్లు ఉచితం. మొత్తం 500 దాటితే మాత్రం, 101 నుంచి 200 వరకు ఉన్న యూనిట్లకు లభించే చౌక ధర పోతుంది. ఏప్రిల్, మే నెలలు ఒకే బిల్లులో పడితే 500 దాటడం ఎంతో సేపు పట్టదు. ఒడిశా, మహారాష్ట్రలలోనూ, పుదుచ్చేరి పట్టిక వర్తించే యానాంలోనూ వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. ఏ రాష్ట్రమైనా ఏసీ వాడే యూనిట్లు బిల్లులో అన్నిటికన్న పైమెట్టులో, అంటే ఖరీదైన మెట్టులో పడతాయన్నది గుర్తుంచుకోవాలి. ఆదా చేసిన యూనిట్ కూడ ఆ ఖరీదైన యూనిట్టే.

ఊరిని బట్టి తీరు

బళ్ళారి, రాయచూరు, చంద్రపూర్ ప్రాంతాలది పొడి ఎండ. అక్కడ నీటితో చల్లబరిచే ఎయిర్ కూలర్, కిటికీ తెరిచి ఉంచితే, చక్కగా పనిచేస్తుంది. తడిపిన వట్టివేళ్ళ తడికలు గుమ్మానికి కట్టిన మన పెద్దల తెలివి కూడ ఇదే. వేసవి ఆరంభంలోనూ, రాత్రులలోనూ ఏసీకి బదులు కూలర్ వాడుకోవచ్చు. యానాం, బరంపురం, చెన్నైలలో ఈ ఉపాయం సాగదు. గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది, కూలర్ దానిని మరింత పెంచుతుంది. అక్కడ ఏసీ చేసే అసలు మేలు తేమ తీయడం. 26, 27 డిగ్రీల వద్ద ఉంచి పంకాను తోడు పెట్టుకుంటే సుఖంగా నిద్రపడుతుంది. వానలు మొదలై, వేడి తగ్గి, ఉక్క మిగిలినప్పుడు రిమోట్‌పై ఉండే డ్రై అన్న పద్ధతి చాలును. ఎత్తైన పీఠభూమి మీద ఉన్న హోసూరులో చాలా నెలలు కిటికీ తెరవడమే మంచి ఏసీ.

అన్ని ఊళ్ళకూ వర్తించేవి కొన్ని ఉన్నాయి. ఏసీ గదిలో పంకా తిరుగుతుంటే అంకెను రెండు డిగ్రీలు పెంచినా తేడా తెలియదు. పాత పంకా 75 వాట్ల వరకు తీసుకుంటుంది, కొత్తరకం బి.ఎల్.డి.సి. పంకాకు 30 వాట్ల చుట్టుపక్కల సరిపోతుంది. రెండు వారాలకొకసారి జల్లెడ కడగాలి. స్లీప్ అన్న మీట నొక్కితే, నిద్రలో శరీరం చల్లబడే కొద్దీ యంత్రమే అంకెను మెల్లగా పెంచుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆగేట్లు టైమర్ పెట్టుకుంటే, వెలుపలి గాలి చల్లబడిన వేళ కిటికీ తెరుచుకోవచ్చు. గదిని విడిచి వెళ్ళేటప్పుడు ఏసీ ఆపితే మళ్ళీ చల్లబరచడానికి ఎక్కువ ఖర్చవుతుందన్నది అపోహ. అమెరికాలోని పిల్లల ఇళ్ళకు వెళ్ళివచ్చినవారు అక్కడి గోడకు ఉండే థర్మోస్టాట్‌ను చూసే ఉంటారు. ఇంట్లో ఎవరూ లేని వేళ, నిద్రించే వేళ దాని అంకె మారేట్లు ముందే అమర్చుకుంటారు. రోజుకు ఎనిమిది గంటలు నాలుగైదు డిగ్రీలు సడలిస్తే ఏడాదికి 10 శాతం వరకు ఆదా చేయవచ్చునని ఆ దేశపు ఇంధన శాఖ చెబుతున్నది. మన చేతిలోని రిమోట్ టైమర్‌తో చేయగలిగిందీ అదే.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. పొదుపు పేరిట వృద్ధులను, పసిపిల్లలను, రోగులను వేడిలో ఉంచరాదు. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే పంకా గాలి శరీరాన్ని చల్లబరచదని, మరింత వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. కరెంటు బిల్లుకు భయపడి ఏసీ కట్టివేసే ముసలివారికి, దానిని 27 వద్ద నిర్భయంగా నడుపుకోవచ్చునని చెప్పగలగడమే ఈ లెక్కలన్నిటి ప్రయోజనం.

ప్రభుత్వాల బాధ్యత

2024 మే 30న దేశ విద్యుత్ గిరాకీ 2 లక్షల 50 వేల మెగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది. అందులో ఏసీల పాత్ర ఉంది. కాని 2019 నాటి జాతీయ శీతలీకరణ కార్యాచరణ పత్రం ప్రకారమే, అప్పటికి ఏసీ ఉన్న ఇళ్ళు నూటికి 8. మిగిలినవారికి చల్లదనం ఎలా అన్నది అసలు ప్రశ్న. అంకెకు హద్దు విధించడంతో ప్రభుత్వం పని పూర్తి కాదు. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. మన చుట్టూ ఉన్న రాష్ట్రాలు కూడ బళ్ళారి, చంద్రపూర్ వంటి జిల్లాలలో పేదల ఇళ్ళకు ముందుగా ఆ మేలు అందేట్లు చూడాలి.

2023లో సవరించిన కేంద్ర నియమాల ప్రకారం, స్మార్ట్ మీటర్లు ఉన్న ఇళ్ళకు వేళను బట్టి ధర మారుతుంది. రద్దీ వేళలో కనీసం 10 శాతం ఎక్కువ, ఎండ కాసే వేళలో తక్కువ. ఇది అమలైన చోట ఎన్ని డిగ్రీలన్న ప్రశ్నకు ఎన్ని గంటలకన్న ప్రశ్న తోడవుతుంది. ఈ మార్పులను వివరించే కరపత్రాలు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీలతోపాటు తెలుగువారు ఎక్కువగా ఉన్న తాలూకాలలో తెలుగులోనూ ఇవ్వాలని కోరడం మన హక్కు. అర్థం కాని నిబంధన జరిమానాతో సమానం.

అంతవరకు పాఠకులు తమకు తామే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మూడు రాత్రులు ఏసీని అలవాటైన అంకె వద్ద ఉంచి, పడుకునేముందు, లేచిన తరువాత మీటరు అంకెలను రాసిపెట్టండి. మరో మూడు రాత్రులు 26 వద్ద ఉంచి, పంకా వేసుకొని, మళ్ళీ రాయండి. మీ ఊరికి, మీ మిద్దెకు, మీ బిల్లుకు ఏ అంకె తగినదో ఆ కాగితమే చెబుతుంది.