చేతులకు ఆట కావాలి

పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా చేతులు ఆడిస్తూనే ఉండే మనిషికి మళ్లీ వేరే చేతి వ్యాయామం ఎందుకు? కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయిన స్త్రీకి డాక్టరు వ్యాయామం చెప్పినప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మా సంఘం సమావేశాల్లో దీన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇప్పుడు ఆ వ్యాయామాన్ని ఆటలుగా మార్చి చేయించే పద్ధతులు వచ్చాయి. కెమెరా ముందు చెయ్యి తెరిచి మూస్తుంటే తెరమీద బొమ్మ కదులుతుంది. మెత్తటి బంతిని నొక్కితే పడవ ముందుకు పోతుంది. వ్యాయామానికే అంత ప్రశ్న వచ్చే ఇంట్లో ఆట అంటే ఏమంటారో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే ఇది మందులకూ డాక్టర్లకూ మాత్రమే సంబంధించిన విషయం కాదనీ, మనం మాట్లాడుకోవాల్సిన విషయమనీ అనుకుంటున్నాను.

ఆ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకుందాం. బట్టలు పిండటం, బిందె ఎత్తటం, అంట్లు తోమటం, పిండి కలపటం అన్నీ గట్టి పట్టుతో, ఒకే తీరుగా, మళ్లీ మళ్లీ చేసే పనులు. తడిచీర మెలిపెట్టి పిండేటప్పుడు వేళ్లు చిటికెనవేలి వైపుకి ఒరుగుతాయి. రుమటాయిడ్ కీళ్లవాతంలో కీళ్లు వాచి పట్టు సడలిన చేతికి వేళ్లు వంకరపోయేది సాధారణంగా ఆ వైపుకే. అంటే మనం వ్యాయామమనుకుంటున్న చాకిరీ ఆ వంకరని ఇంకా తోస్తుంది. డాక్టరు చెప్పే వ్యాయామం వేరు. బరువేమీ లేకుండా ప్రతి కీలునూ అది వెళ్లగలిగినంతవరకు నిదానంగా వంచి చాపటం, తర్వాత కొద్దికొద్దిగా బలం పెంచటం. నొప్పి ఎక్కువైతే అక్కడితో ఆపొచ్చు. సగం పిండిన చీరని అలా వదిలేసి లేవగలమా?

ఈ వ్యాయామాలకు ఫలితం ఉందని బ్రిటన్‌లో 17 ఆస్పత్రుల్లో 490 మంది రుమటాయిడ్ రోగులతో చేసిన అధ్యయనం చూపింది. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మామూలు వైద్యంతోపాటు పద్ధతి ప్రకారం చేతి వ్యాయామం నేర్చుకున్నవాళ్ల చేతులు ఏడాది తర్వాత, నేర్చుకోనివాళ్లకన్నా స్పష్టంగా మెరుగుపడ్డాయి. కానీ ఆ తర్వాత ఇంకొంతకాలం గమనిస్తే వ్యాయామం తగ్గిపోయింది, రెండు జట్లకూ మధ్య తేడా కూడా తగ్గింది. రోజూ ఒంటరిగా కూర్చుని అవే వేళ్లు అలాగే వంచటం ఎవరికైనా విసుగే. ఆట అవసరం అక్కడే వస్తుంది. అయితే ఈ ఆటలమీద పరిశోధన ఎక్కువగా పక్షవాతం వచ్చినవాళ్లతో జరిగింది, కీళ్లవాతం విషయంలో తక్కువ. యంత్రం అమ్మేవాళ్లు చెప్పేదంతా నమ్మాల్సిన పనిలేదు.

యంత్రమే ఉండాలని కూడా నేననుకోను. వామనగుంటలు ఆడినవాళ్లకు తెలుసు. గుంటలోని గింజలన్నీ పిడికిట్లోకి తీసుకుని, బొటనవేలితో ఒక్కొక్కటే జారవిడుస్తూ పద్నాలుగు గుంటలూ తిరగాలి. పట్టుకోవటం, పట్టి ఉంచటం, వదలటం మూడూ అందులో ఉన్నాయి. చింతగింజలు చిన్నవైతే గచ్చకాయలు పెట్టుకోవచ్చు. మోకాళ్లు కూడా నొప్పిగా ఉంటే పలకను బల్లమీద పెట్టుకోవచ్చు. గవ్వలు వేయటానికి అరచెయ్యి పూర్తిగా తెరవాలి. అచ్చనగాయలు మాత్రం వాపు ఉన్న చేతికి వద్దు, ఎగరేసి పట్టుకునేటప్పుడు దెబ్బ తగులుతుంది. కీళ్లు వేడెక్కి ఎర్రగా వాచిన రోజుల్లో ఏ ఆటైనా కట్టిపెట్టి విశ్రాంతి తీసుకోవాలి. ఏ ఆట ఎవరికి సరిపోతుందో ఫిజియోథెరపిస్టు ఒకసారి చేతిని చూసి చెప్పాలి.

ఇంకో మాట. ఆట మందుకి బదులు కాదు. రుమటాయిడ్ మగవాళ్లకన్నా ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. మొదట్లోనే సరైన మందు మొదలుపెడితే కీళ్లు చెడిపోకుండా చాలావరకు ఆపొచ్చు. మన ఊళ్లలో జరుగుతున్నదేమిటంటే ఊరి ఆరెంపీ ఇచ్చే నొప్పిబిళ్లలూ స్టెరాయిడ్ సూదులతో ఏళ్లు గడిచిపోయి, వేళ్లు వంకరపోయాక పట్నానికి ప్రయాణం.

సమయం సంగతికొస్తే, ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఆ 289లోంచి చేతి ఆటకి ఇరవై నిమిషాలు ఎవరు తీసిస్తారు? ఇంట్లో ఇంకొకరు బట్టలు పిండితేనే అవి దొరుకుతాయి. ఈ మాట చీటీమీద రాసిచ్చిన డాక్టరుని నేనింతవరకు చూడలేదు.

యంత్రాలతో నాకు కనపడే లాభం ఒకటుంది. వాటిలో కొన్ని చెయ్యి ఎంత తెరుచుకుందో, ఎంత బలంగా నొక్కిందో ఏ రోజుకారోజు లెక్క రాసిపెడతాయి. రుమటాయిడ్ చేతులు తెల్లవారుజామున గంటకు పైగా కొయ్యలా ఉండి, మధ్యాహ్నానికి కొంత సాగుతాయి. వికలాంగుల ధృవీకరణ శిబిరంలో డాక్టరు చూసేది ఆ సాగిన చేతినే. 2016 చట్టం కింద రిజర్వేషన్ వంటి ముఖ్యమైన సౌకర్యాలకు 40 శాతం వికలత్వం చూపించాలి. పొద్దుటి చెయ్యి ఎలా ఉంటుందో నెలరోజుల లెక్క కాగితంమీద ఉంటే ఆమె మాటకి బలం వస్తుంది. అయితే ఆ లెక్క ఆమె దగ్గరే ఉండాలి. పనిలో పెట్టుకునే యజమాని చేతికి పోతే అదే కాగితం ఆమెని పనిలోంచి తీసేయటానికి పనికొస్తుంది.

అదే చట్టంలో 27వ సెక్షన్ పునరావాస సేవల గురించి ప్రభుత్వం మీద బాధ్యత పెట్టింది. మనదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వికలాంగులకు వినోదంలో, విశ్రాంతిలో, ఆటల్లో పాల్గొనే హక్కు కూడా ఉందంటుంది. కనుక మన మండలాల్లో అడగాల్సింది ఖరీదైన యంత్రం కన్నా ముందు వారానికి ఒక రోజైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్టుని. సంఘం గదిలో ఒక వామనగుంటల పలక పెట్టుకోవటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. మేము రెండు చేయించాం. గింజలు ఎవరింట్లో ఉన్నవి వాళ్లే తెచ్చారు.