సంక్రాంతి సీటూ... వేలం పాటా...

నవంబరు వచ్చిందంటే చాలు, మన ఆఫీసుల్లో టీ మెషీను దగ్గర ఒకటే చర్చ. "టిక్కెట్టు దొరికిందా?" రాజమండ్రోళ్ళు, భీమవరమోళ్ళు, కాకినాడోళ్ళు, అమలాపురమోళ్ళు... అందరిదీ ఒకటే గోల. అంతలో ఎవరో ఒక మహానుభావుడు అందుకుంటాడు. "ఫలానా యాప్‌లో కూపన్ కొడితే మూడొందలు తగ్గింది మావా, ఫలానా కార్డు వాడితే ఇంకో రెండొందలు వెనక్కొచ్చాయి" అని. మిగతావాళ్ళు వెంటనే ఫోన్లు తీస్తారు.

ఈ కూపన్ల పురాణం విన్నప్పుడల్లా నాకు ఒకటే డౌటు. జూలైలో అంత చవగ్గా టిక్కెట్లిచ్చే సైట్లు జనవరి 12 రాత్రికి ఒక్కటీ ఎందుకివ్వవు? అప్పుడిచ్చే డిస్కౌంటు దేనిమీద డిస్కౌంటు?

దీనికి సమాధానం కోసం ఎకనామిక్స్ పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. రావులపాలెం అరటి మార్కెట్‌కి వెళ్తే చాలు. పొద్దున్నే వచ్చిన గెలకి ఒక రేటు, మధ్యాహ్నానికి మిగిలిపోయిన గెలకి ఇంకో రేటు. ఎందుకంటే పండిన అరటి గెల రేపటిదాకా ఆగదు. అదే శ్రావణమాసంలోనో దసరాకో వెళ్ళండి, రైతు మీ మొహం కూడా చూడడు. మీరు కాకపోతే వెనక ఇంకో పదిమంది ఉన్నారు మరి.

బస్సు సీటైనా, విమానం సీటైనా, హోటల్ రూమైనా అచ్చంగా ఈ అరటి గెలే. బండి కదిలాక ఖాళీ సీటు విలువ సున్నా. చవక ప్రయాణాల సైట్ల వ్యాపారమంతా ఈ ఒక్క ముక్క మీదే నిలబడింది.

దీన్ని అందరికంటే తెలివిగా వాడుకుంది అమెరికాలో ప్రైస్‌లైన్. 1998లో మొదలెట్టారు. "నీ రేటు నువ్వే చెప్పు" అన్నది వాళ్ళ పద్ధతి. ఫలానా తారీఖున ఫలానా ఊరికి ఇంత ఇస్తానని మీరు పాట పాడాలి, కార్డు నెంబరు ముందే ఇచ్చెయ్యాలి. ఎవరైనా ఒప్పుకుంటే డబ్బులు కట్ అయిపోతాయి, వెనక్కి రావు. ఏ ఎయిర్‌లైనో, పొద్దున్న ఫ్లైటో అర్ధరాత్రి ఫ్లైటో కొన్నాకే తెలుస్తుంది. అప్పట్లో హెచ్1బీ మీద వెళ్ళిన మన సీనియర్లలో చాలామంది హోటల్ రూములూ, రెంటల్ కార్లూ ఇలాగే పాట పాడి సంపాదించినవాళ్ళే. మొన్నటిదాకా ఆ కథలు చెప్తూనే ఉండేవారు.

అందులో కిటుకేంటో గమనించారా? తక్కువ రేటుకి బదులుగా మీరు ఇంకోటి ఇచ్చేస్తున్నారు. టైము మీ ఇష్టం కాదు, కంపెనీ మీ ఇష్టం కాదు, మనసు మార్చుకునే వీలు లేదు. "ఎప్పుడైనా పర్లేదు, ఎలాగైనా పర్లేదు" అనగలిగినవాడికే చవక. రేపు పొద్దున్న మీటింగున్నవాడు చచ్చినట్టు పూర్తి రేటు పెడతాడు. తర్వాత్తర్వాత రేట్లు పోల్చి చూసే సైట్లు బోలెడొచ్చాయి, ఖాళీ సీట్లు నింపుకోవడం ఎయిర్‌లైన్లకే బాగా వచ్చేసింది. 2016లో ప్రైస్‌లైన్ విమాన టిక్కెట్లకి ఈ పాట పద్ధతి ఆపేసింది.

ఇప్పుడు మన గోదారోడి దగ్గరికి రండి. తారీఖు మార్చుకోగలడా? భోగి ఎప్పుడుంటే అప్పుడే. ఊరు మార్చుకోగలడా? జగ్గన్నతోటలో కనుమ నాటి ప్రభల తీర్థం మాదాపూర్‌లో జరగదు కదా! సైట్ల భాషలో చెప్పాలంటే, ప్రపంచంలో ఇంతకంటే వంగని కస్టమర్ ఇంకొకడు దొరకడు. అందుకే ఆ వారం వేలం పాట తిరగబడుతుంది. మనం రేటు చెప్పడం పోయి, వాళ్ళు చెప్తుంటే మనం పాట పెంచుతుంటాం. ప్రైవేటు బస్సుల వాళ్ళు రెండింతలు, మూడింతలు పెట్టి, దానిమీద మూడొందలు తగ్గిస్తే మనం సంబరపడిపోతాం.

సైట్ల వల్ల మేలే జరగలేదని నేననను. 2005లో దీపావళికి బెంగుళూరు నుంచి ఊరెళ్ళడానికి బస్సు టిక్కెట్టు దొరక్కపోతేనే కదా ఫణీంద్ర సామ గారికి రెడ్‌బస్ ఆలోచన వచ్చింది! 2006లో స్నేహితులతో కలిసి మొదలెట్టారు. అంతకుముందు ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగినా ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో తెలిసేది కాదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని తెలుసుకుంటున్నాం. కానీ ఉన్న సీట్లు ఎన్నో చూపించడం వేరు, లేని సీటు పుట్టించడం వేరు. ఏ యాప్ కూడా జనవరి 12 రాత్రికి ఒక్క సీటు కూడా అదనంగా కనిపెట్టలేదు. ఉన్న సీటు ఎవరికి దక్కాలో తేలుస్తుంది, అంతే. ఎవరికి దక్కుతుందంటే, ఎక్కువ పెట్టగలిగినవాడికి.

బస్సుల వాళ్ళ వాదన కూడా వినాలి కదా. పండగ ముందు హైదరాబాదు నుంచి కిక్కిరిసి వెళ్ళిన బస్సు వెనక్కి ఖాళీగా రావాలి. డీజిలూ, డ్రైవరు జీతమూ రెండు వైపులా ఒకటే. అబద్ధం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన జీవో 16 ఈ కారణంతోనే స్పెషల్ బస్సుల్లో ఒకటిన్నర రెట్లు తీసుకోవచ్చంది. 2025 సంక్రాంతికి కూడా తెలంగాణ ఆర్టీసీ ఆ జీవోనే చూపించింది. 2023 సంక్రాంతికి ఆంధ్రా ఆర్టీసీ మాత్రం స్పెషల్స్‌లోనూ మామూలు ఛార్జీలే తీసుకుంది. సరే, ఖాళీ బస్సు ఖర్చు ఒకటిన్నర రెట్లతో సరిపోతుందని ప్రభుత్వమే లెక్క కట్టింది. మరి మూడింతలకి లెక్కేంటి? అది ఖర్చు లెక్క కాదండీ, అవసరం లెక్క.

రైళ్ళ సంగతి కొంచెం నయం. గౌతమి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లలో మామూలు కోటా టిక్కెట్టు పండక్కీ అదే రేటు. అక్కడ నడిచేది వేలం కాదు, క్యూ. 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల ముందు బుకింగు 60 రోజులైంది కాబట్టి పండగ సీట్లు నవంబరు రెండో వారంలో తెరుచుకుంటాయి, నిమిషాల్లో అయిపోతాయి. కానీ ఆ క్యూలోకి కూడా మెల్లగా వేలం దూరుతోంది. 2014లో ప్రీమియం తత్కాల్ వచ్చింది, సీట్లు అమ్ముడయ్యే కొద్దీ రేటు పెరుగుతుంది. 2016లో రాజధాని, శతాబ్ది, దురంతోలకి ఫ్లెక్సీ ఛార్జీలు వచ్చాయి, పది శాతం సీట్లు నిండినప్పుడల్లా పది శాతం పెంపు, ఒకటిన్నర రెట్ల దాకా.

మామూలు తత్కాల్ ఇంకో రకం వేలం. అక్కడ డబ్బుతో కాకుండా స్పీడుతో పాట పాడతారు. ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. ఫారం దానంతటదే నింపే స్క్రిప్టు రాశానని ఆఫీసులో గొప్పలు చెప్పుకునేవాళ్ళు మనలోనే ఉన్నారు. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ తప్పనిసరి చేసి, మొదటి అరగంట ఏజెంట్లని పక్కనపెట్టారు. మంచిదే. కానీ ఫైబర్ కనెక్షనూ రెండు మానిటర్లూ ఉన్న నాకూ, చిన్న ఫోన్లో టైపు చేసుకునే మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కీ పోటీ పెట్టి "ఎవరు ముందొస్తే వాళ్ళకే" అంటే అది న్యాయమైన క్యూ ఎలా అవుతుంది?

నా బాధంతా ఇక్కడే. డబ్బు పాటైనా, స్పీడు పాటైనా, గెలిచేది మనమే. ఓడేది తాపీ పనికొచ్చినవాడు, నర్సింగ్ హోంలో పనిచేసే అమ్మాయి, అమీర్‌పేట హాస్టల్లో కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడు. వాళ్ళకీ ఊళ్ళో అమ్మానాన్నా ఉన్నారు. వాళ్ళకీ ఏడాదికి పండగ ఒక్కటే.

తమాషా ఏంటంటే, "ఎప్పుడైనా పర్లేదు" అనగలిగేది కూడా మనమే! ల్యాప్‌టాప్ ఉంది, ఊళ్ళో నెట్టుంది, వారం ముందు వెళ్ళిపోయి వాకిట్లో కూర్చుని పనిచేసుకోవచ్చు. తాపీ మేస్త్రి ఇంటినుంచి పని చెయ్యలేడు కదా! పదో తారీఖు దాటాక బయల్దేరకుండా, కనుమ మర్నాడే తిరుగు బండెక్కకుండా ఉంటే మనకి టిక్కెట్టు చవగ్గా దొరుకుతుంది, ఆ రద్దీ రోజు సీటు ఇంకొకరికి మిగులుతుంది. ఇంతకంటే మంచి కూపన్ నాకు తెలీదు. మేనేజర్లు కూడా ఆ రెండు వారాలు ఆఫీసుకి రమ్మని పట్టుబట్టకపోతే వాళ్ళ సొమ్మేం పోదు.

ఇక ప్రభుత్వాలు చెయ్యాల్సింది సీట్లు పెంచడం. 2023లో సరిగ్గా సంక్రాంతి రోజున, జనవరి 15న, సికింద్రాబాదు-విశాఖ వందే భారత్ మొదలైంది, రాజమండ్రిలో ఆగుతుంది. సంతోషం. కానీ అమలాపురానికి ఈరోజుకీ రైలు లేదు. బాలయోగి గారు స్పీకరుగా ఉన్న రోజుల్లో, 2000-01 బడ్జెట్‌లో కోటిపల్లి-నరసాపురం లైను మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద వంతెనలు కట్టాల్సిన లైను. పాతికేళ్ళు దాటినా పట్టాలు కోటిపల్లి దగ్గరే ఆగి ఉన్నాయి. కోనసీమ వాడు ప్రైవేటు బస్సు వాడికి అంత లోకువవడానికి ఆ ఖాళీ కూడా ఒక కారణం.

ఖాళీ సీట్లు మిగిలిపోయే రోజుల్లో వేలం పాడుకోండి, బేరాలాడుకోండి, కూపన్లు కొట్టుకోండి. నాకేం అభ్యంతరం లేదు. ఊరంతా ఇంటికి వెళ్ళే నాలుగు రోజులు మాత్రం సీటుకి ఒక పైకప్పు రేటుండాలి, అది ప్రైవేటు బస్సుకీ వర్తించాలి. ఇంటికెళ్ళడం కూడా పాట పాడుకుని గెలవాల్సిన వస్తువైతే ఎలాగండీ?

మీరేమంటారు?