పుట్టుపూర్వోత్తరాలు అడిగితే తప్పా?

వంకాయలు కొనేటప్పుడు ఎక్కడైనా పుచ్చు ఉందేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూస్తాం. బెండకాయ కొస విరిచి చూస్తాం. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాం. కొట్టువాడు విసుక్కున్నా లెక్కచెయ్యం. ఇక పట్టుచీరైతే సరేసరి, జరీ సంగతి తేలేదాకా కొట్లోంచి కదలం. ఇంత జాగ్రత్త తెలిసిన ఇళ్ళల్లోనే, లక్షలు పోసి పాత కారు కొనేటప్పుడు మాత్రం "రంగు భలే ఉంది కదూ!" అని మురిసిపోయి సంతకాలు పెట్టేస్తున్నారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

అందులోనూ అది స్పోర్ట్స్ కారైతే ఇక చెప్పక్కర్లేదు. అమెరికాలో మన పిల్లలకి ఉద్యోగం కుదురుకున్న రెండో ఏడో, మూడో ఏడో ఈ సరదా పుడుతుంది. కొత్తది కొనే స్తోమతు ఉండదు. అందుకని ఓ పాత మస్టాంగో, ఛాలెంజరో చూసుకుంటారు. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తారు. "ఎర్రగా ఎంత ముద్దుగా ఉందిరా!" అంటుంది అమ్మ. "ఎంతట?" అంటాడు నాన్న. ఆ కారు ఇంతకుముందు ఎవరి చేతిలో ఉండేది, ఎందుకు అమ్ముతున్నారు, ఎక్కడైనా దెబ్బ తిన్నదా అని అడిగే నాథుడు ఉండడు. డాలస్‌లో ఉన్న మా బంధువులబ్బాయిని నేను అడిగితే, "మీకు తెలీదులెండి అత్తయ్యా, అమ్మేది మనవాడే" అన్నాడు.

"మనవాడే" అన్న ఆ ఒక్క మాటతోనే నా పోట్లాట.

మనవాడు కాబట్టి అబద్ధం ఆడడనే అనుకుందాం. కానీ తనకే తెలియని సంగతి అతను మాత్రం ఎలా చెప్తాడు? నిజాయితీ వేరు, సమాచారం వేరు. కారు చరిత్ర విచారించడమంటే అమ్మేవాడి గుణగణాలు విచారించడం కాదు. కారు సంగతి విచారించడం. ఈ రెంటినీ కలిపేసుకుని, అడిగితే ఏమనుకుంటాడోనని నోరు మూసుకోవడం మర్యాద కాదు, తెలివితక్కువతనం.

ఒక్క రీకాల్ సంగతే తీసుకోండి. కారులో ఫలానా భాగం లోపంతో తయారైందని తేలితే, కంపెనీవాళ్ళు ఆ కార్లన్నిటినీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసి పంపుతారు. మన భాషలో చెప్పాలంటే, కారుకి పుట్టింటి నించి పిలుపొచ్చిందన్నమాట. పిలుపొచ్చిందంటే కారు చెడ్డదని కాదు. పిలిచినా వెళ్ళని కారే ప్రమాదం. ఆ పిలుపు ఉత్తరం రికార్డుల్లో ఉన్న యజమాని చిరునామాకి వెళ్తుంది. ఈలోగా కారు రెండు చేతులు మారి, మూడు ఊళ్ళు తిరిగి ఉండొచ్చు. ఉత్తరం ఏ పాత అపార్టుమెంటు తలుపు దగ్గరో పడి ఉంటుంది. "మనవాడు" దాన్ని చూసి ఉండకపోవచ్చు.

చూడకపోతే ఏమవుతుందంటారా? జపాన్‌కి చెందిన టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల కథ వినండి. ప్రమాదం జరిగినప్పుడు ఆ సంచీ చటుక్కున ఉబ్బడానికి లోపల అమ్మోనియం నైట్రేట్ మందు పెట్టారు. ఏళ్ళ తరబడి వేడికీ, ఉక్కకీ ఆ మందు పాడైపోతుంది. అప్పుడది మరీ ఉధృతంగా మండి, దాన్ని పెట్టిన లోహపు డబ్బానే పేల్చేస్తుంది. ఇనప ముక్కలు మొహం మీదికీ, మెడ మీదికీ దూసుకొస్తాయి. ప్రాణం కాపాడవలసిందే ప్రాణం తీస్తుంది. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల టకాటా ఎయిర్‌బ్యాగులు రీకాల్ అయ్యాయి. అక్కడ ఇరవై మందికి పైగా చనిపోయారు. కంపెనీ 2017లో దివాలా తీసింది. పాడైన మందు మాత్రం ఇంకా కొన్ని కార్లలో తిరుగుతూనే ఉంది.

మన కుర్రాళ్ళు ముచ్చటపడే కార్లే ఆ జాబితాలో ఉన్నాయి సుమండీ! 2005 నించి 2014 దాకా తయారైన మస్టాంగ్‌లున్నాయి. 2010 దాకా వచ్చిన పాత డాడ్జ్ ఛార్జర్, ఛాలెంజర్ కార్ల సంగతైతే, ఎయిర్‌బ్యాగు మార్పించేదాకా అసలు నడపొద్దని 2022 నవంబరులో కంపెనీయే హెచ్చరించింది. అలాంటి కారుని తళతళా తుడిచి అమ్మకానికి పెడితే, ఫొటోలో ఎయిర్‌బ్యాగు లోపలి మందు కనిపిస్తుందా?

"అంత పెద్ద దేశం, అక్కడ చట్టాలుండవా?" అంటారు. ఉన్నాయి, వాటి సొగసూ చూడండి. రీకాల్ మరమ్మతు కాకుండా కొత్త కారు అమ్మకూడదు. 2016 నించి పెద్ద అద్దెకార్ల కంపెనీలు అలాంటి కారుని అద్దెకివ్వకూడదు. పాత కారు అమ్మే డీలరుని మాత్రం, రీకాల్ మిగిలిపోయిన కారు అమ్మొద్దని ఆపే కేంద్ర చట్టం లేదు. డీలరు కారు అద్దానికి ఓ కాగితం అంటించాలి, అంతే. వారంటీ ఉందో, "ఉన్నది ఉన్నట్టు" అమ్ముతున్నారో అందులో ఉంటుంది. రీకాల్ ఉందేమో మీరే చూసుకోండని కూడా ఆ కాగితమే సలహా ఇస్తుంది! గారెల్లో రాళ్ళున్నాయేమో మీరే ఏరుకు తినండని బోర్డు పెట్టి హోటలు నడిపినట్టు లేదూ? సొంతంగా అమ్ముకునే "మనవాడి"కి ఆ కాగితం బాధ కూడా లేదు.

చూసుకోవడం కష్టమా అంటే, కుక్కరు మూడు కూతలు పెట్టేలోపు అయిపోతుంది. ప్రతి కారుకీ అక్షరాలూ అంకెలూ కలిసిన 17 గుర్తుల నంబరొకటి ఉంటుంది. దాన్ని విన్ అంటారు. ముందు అద్దం కింద, డ్రైవరు వైపు కనిపిస్తుంది. ఒకటితోనూ సున్నాతోనూ పొరబడకుండా ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు అందులో వాడరు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే, ఇంకా బాగుచేయించని రీకాల్‌లు ఉంటే చూపిస్తుంది. పైసా ఖర్చు లేదు. అద్దం కింద ఉన్న నంబరూ, తలుపు దగ్గర చీటీ మీదదీ, యాజమాన్య పత్రంలోదీ ఒకటేనా అని కూడా సరిచూడాలి. తేడా వస్తే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చెయ్యడమే.

రీకాల్ ఒక్కటే కాదు. 2017 ఆగస్టులో హార్వే తుపానుకి హ్యూస్టన్‌లో లక్షలాది కార్లు మునిగాయి. అలా దెబ్బతిన్నదాన్ని బీమా కంపెనీ "ఇక ఇది పూర్తి నష్టం" అని లెక్క కట్టేస్తే, దాని యాజమాన్య పత్రం మీద ఆ ముద్ర పడుతుంది. కానీ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. రాష్ట్రాలు దాటించి, కొత్త పత్రం పుట్టించి, ఆ ముద్ర మాపేసే ఘనులున్నారు. చీర మీద మరక పోగొట్టినట్టే! డబ్బు కట్టి తెప్పించుకునే చరిత్ర రిపోర్టులు ఇలాంటివి చాలావరకు పట్టిస్తాయి గాని, ఎవరైనా నమోదు చేసిన సంగతులే వాటిలో ఉంటాయి. గుట్టుగా పక్క షెడ్డులో అతుకు వేయించుకున్న దెబ్బ అందులో ఉండదు. అందుకే కొనేముందు అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్కు చేత పైకెత్తించి చూపించాలి. స్పోర్ట్స్ కారుకి ఇది మరీ అవసరం. దాన్ని కొన్న ప్రతివాడూ దాని వేగం తేల్చుకోవాలనే చూస్తాడు. ఇంజనుకి లేనిపోని హంగులు చేయించి, ఇష్టమొచ్చినట్టు ఉరికించి, అమ్మేముందు మళ్ళీ మామూలు భాగాలు బిగించేవాళ్ళూ ఉంటారు.

ఇదంతా అక్కడి గొడవ అనుకోకండి. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో మన హైదరాబాదులో ఎన్ని కార్లు మునిగాయో టీవీల్లో చూశాం. మునిగిన కార్లు కూడా తుడుచుకుని బజారుకి వస్తాయి. టకాటా ఎయిర్‌బ్యాగుల కోసమే 2016లో హోండా మన దేశంలో లక్షకు పైగా పాత కార్లను వెనక్కి పిలిచింది. లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో వచ్చింది. చట్టం వచ్చినా, అడగవలసింది కొనేవాళ్ళే. ఆర్‌సీలో ఎన్నో చేతి బండి అని ఉంది? బ్యాంకు అప్పు తీరినట్టు కాగితం ఉందా? కట్టని చలానాలెన్ని? సర్వీసు పుస్తకంలో ఏళ్ళకేళ్ళు ఖాళీలున్నాయా? కంపెనీ వాళ్ళకి చాసిస్ నంబరు చెప్పి, రీకాల్ పని మిగిలిందేమో కనుక్కున్నారా?

"ఇవన్నీ మగవాళ్ళ వ్యవహారాలు, ఆడవాళ్ళకేం తెలుస్తాయి?" అనేవాళ్ళకి నాదొకటే ప్రశ్న. పాలవాడి లెక్కలో ఒక్క పూట తేడా పట్టుకునేదెవరు? రేషన్ కార్డులో పేరు తప్పు పడితే కనిపెట్టేదెవరు? చీటీ పాట లెక్క వేళ్ళమీద చెప్పేదెవరు? కారు చరిత్ర విచారించడంలో సగం పని ఇలా కాగితాలు సరిచూడడమే. ఇంజను సంగతి మెకానిక్కు చూసుకుంటాడు. కాగితం సంగతి మనకంటే బాగా చూసేవాళ్ళెవరు?

అడిగితే స్నేహం చెడుతుందంటారా? పదిహేడు గుర్తులు అడిగినందుకే చెడిపోయే స్నేహం, కారు చెడిపోయాక నిలుస్తుందా? పైగా రీకాల్ ఉందని తేలితే అమ్మేవాడికీ మేలే. అతనూ, అతని పెళ్ళాం పిల్లలూ అదే కారులో తిరుగుతున్నారు కదా! ఉచితంగా బాగుచేయించి, ఆ రసీదు చేతిలో పెట్టి మరీ అమ్మొచ్చు.

కాబట్టి ఈసారి మీ అబ్బాయి వీడియోలో కారు చూపిస్తే, రంగు మెచ్చుకోండి, తప్పులేదు. ఆ వెంటనే "నంబరు చూశావా? రీకాల్ ఉందా? మెకానిక్కు ఏమన్నాడు?" అని అడగండి. "మీకు తెలీదులే అమ్మా" అంటే ఊరుకోకండి, మళ్ళీ అడగండి. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తే దిష్టి పోతుందేమో గాని, ఎయిర్‌బ్యాగులో పాడైన మందు పోదు.