మందకు ముళ్ల బెడద... మేతకు కంచె కరవు

మహబూబ్‌నగర్: వానలు వెనుదిరిగి పైర్లు కోతకు వచ్చే వేళ పాలమూరు గొర్రెల కాపరులను రెండు కష్టాలు ఏకకాలంలో చుట్టుముడుతుంటాయి. బీళ్లలో పండిన పల్లేరు, మరులమాతంగి, ఉత్తరేణి కాయలు జీవాల ఉన్నిలో చిక్కుకుని పీడిస్తాయి. మరోవైపు శిథిలమైన కంచెల సందుల గుండా మందలు పైర్లలోకి చొరబడి రైతులకు, కాపరులకు నడుమ తగాదాలు రేపుతాయి. పైకి వేర్వేరుగా తోచే ఈ రెండు సమస్యలకూ మూలం ఒక్కటే. అది మేత భూమి కుంచించుకుపోవడం.

పెరిగిన మందలు... పెరగని బీళ్లు

2012 పశుగణనలో తెలంగాణ ప్రాంతంలో సుమారు 1.28 కోట్లుగా ఉన్న గొర్రెల సంఖ్య 2019 గణనలో 1.90 కోట్లకు చేరింది. గొర్రెల సంపదలో రాష్ట్రం దేశంలోనే ప్రథమ స్థానంలో నిలిచింది. 2017 జూన్‌లో ప్రారంభమైన పంపిణీ పథకం కింద 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీపై అందజేయడం ఈ పెరుగుదలకు తోడ్పడింది. జీవాల లెక్క, రాయితీల లెక్క పక్కాగా సాగినా, అవి మేసేందుకు గడ్డి ఎక్కడున్నదన్న లెక్క మాత్రం వెనుకబడింది. బంచరాయి, పోరంబోకు భూములు ఆక్రమణల పాలవుతుండగా, మిగిలిన కొద్దిపాటి బీడుపై భారం రెట్టింపయింది.

మంద ఎక్కువై బీడు తక్కువైనప్పుడు జీవాలు ఇష్టపడే గడ్డి మొదట అంతరిస్తుంది. అవి ముట్టని ముళ్ల మొక్కలకు ఆ జాగా దక్కుతుంది. వాటి కాయలు ఉన్నికి అంటుకుని, మంద వెంట ఊరూరా ప్రయాణించి, కొత్త బీళ్లలో రాలి మొలకెత్తుతాయి. మేత కోసం దూర ప్రాంతాలకు వలస వెళ్లే మందలు ఈ కలుపునకు తెలియకుండానే వాహకాలవుతున్నాయి.

ఉన్నికి చేటు... ప్రాణానికీ ముప్పు

దక్కనీ జాతి గొర్రెల నల్లని ముతక ఉన్నియే గొంగడికి ఆధారం. కాయలు చిక్కుకున్న ఉన్నిని పెద్ద మిల్లులు పలుచని గంధకికామ్లంతో శుద్ధి చేయగలవు. చేతితో వడికి, చింతగింజల గంజి పెట్టి మగ్గంపై నేసే కురుమ కుటుంబాలకు ఆ వసతి లేదు. ఒక్కొక్క ముల్లును వేళ్లతో ఏరివేయవలసిందే. ఇంత శ్రమకు తగిన ధర రానప్పుడు కాపరులు ఉన్ని లేని నెల్లూరు జాతి వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు. ఆ మేరకు గొంగడి నేత బలహీనపడుతోంది.

నష్టం ఉన్నితో ఆగదు. పల్లేరు ముళ్లు గిట్టల నడుమ దిగి చీము పట్టిస్తాయి. ఇక మరులమాతంగి లేత మొలకలు విషపూరితం. తొలకరి వానలకు రెండాకుల దశలో ఉన్న మొలకలను ఆకలిగొన్న జీవాలు మేస్తే కాలేయం దెబ్బతిని ప్రాణాపాయం ఏర్పడుతుంది. పైగా దాని ఒక్కో కాయలో రెండు విత్తనాలు ఉంటాయి. సాధారణంగా ఒకటి ముందుగా మొలకెత్తితే, రెండోది ఆ తరువాత ఎప్పుడో మొలుస్తుంది. కనుక ఒక ఏడాది పీకివేసినంత మాత్రాన బెడద తీరదు.

నమ్మలేని కంచెలు

తుమ్మకంప, రేగుకంపతో వేసిన కంచెలు చెదలు పట్టి, వంటచెరకుగా తరలిపోయి కొద్దికాలానికే సందులు పడుతున్నాయి. ముళ్లతీగ కట్టిన చోట జీవాల చర్మం చీరుకుపోయి, గాయాలపై ఈగలు వాలి పురుగులు పడుతున్నాయి. అడవిపందుల భయంతో కొందరు రైతులు బోరు తీగల నుంచి నేరుగా కంచెకు కరెంటు ఇవ్వడం అన్నింటికన్నా ప్రమాదకరం. ఇది చట్టరీత్యా నేరం. ఇటువంటి కంచెలు జీవాలనే కాదు, రాత్రివేళ పొలానికి వెళ్లిన మనుషులనూ బలిగొంటున్నాయి.

సౌరశక్తి కంచె సురక్షితమైనదే. అది క్షణంలో స్వల్ప భాగం మాత్రమే విద్యుత్తును ప్రసరింపజేసి జీవాన్ని బెదిరిస్తుందే తప్ప చంపదు. అయితే తీగకు కలుపు తగిలితే శక్తి నేలలోకి జారిపోతుంది. దట్టమైన ఉన్ని ఉన్న గొర్రెకు షాక్ సరిగా తగలదు. కలుపు తీయడం, బ్యాటరీ చూసుకోవడం లేకపోతే పెట్టిన ఖర్చు వృథాయే.

కంచె విఫలమైన ప్రతిచోటా వివాదం తప్పడం లేదు. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం బందెలదొడ్ల నిర్వహణకు నిబంధనలు ఏర్పరచింది. పైరు మేసిన జీవాన్ని దొడ్డిలో కట్టి రుసుము వసూలు చేయడం ఆ పద్ధతి. అందులో నష్టపోయిన రైతుకు ఊరట కొంతే. మందను విడిపించుకునే కాపరికి మాత్రం అది మోయలేని భారం.

కర్తవ్యమేమిటి?

గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. బంచరాయి భూముల హద్దులు తేల్చడమే తొలి మెట్టు. కాయలు ముదరకముందే, ఆగస్టు-సెప్టెంబరు మాసాల్లో ముళ్ల మొక్కలను పెకలించే పనిని గ్రామీణ ఉపాధి పనుల్లో చేర్చి వరుసగా కొన్నేళ్లు కొనసాగించాలి. కాయలు పండే కాలానికి ముందే ఉన్ని కత్తిరిస్తే చిక్కులు తగ్గుతాయి. బీడును భాగాలుగా విభజించి వంతులవారీగా మేపితే గడ్డికి తిరిగి ఎదిగే వ్యవధి లభిస్తుంది. జీవాలు ముట్టని వావిలి, కిత్తనార వంటి మొక్కలతో సజీవ కంచె పెంచుకుంటే ఏటా కంప కొట్టే అవసరం తగ్గుతుంది.

ఇవేవీ భారీ వ్యయంతో కూడినవి కావు. కానీ రైతు ఒక్కడో, కాపరి ఒక్కడో చేయగలిగినవీ కావు. గట్టుకు ఒకవైపు పైరు, మరొకవైపు మంద. రెంటికీ బతుకుతెరువు ఆ ఊరి నేలే. పంచాయతీ, పశుసంవర్ధక, రెవెన్యూ శాఖలు ఒక్కచోట కూర్చుని మేత భూమిని గురించి ఆలోచించనంత వరకు జీవాల సంఖ్యలో సాధించిన ప్రథమ స్థానం కాపరికి ఆకలి తీర్చే విజయం కాబోదు.