అందరూ మైకు పట్టుకోనక్కర్లేదు

మన గుడియాత్తం, రాయవేలూరు ఇళ్ళల్లో "మంచి క్రైస్తవుడు" అంటే ఒకటే బొమ్మ. తెల్లారకముందే లేచి ప్రార్థన చెయ్యాలి, మైకు ఇస్తే తడబడకుండా వాక్యం చెప్పాలి, పాట ఎత్తుకోవాలి. ఆ బొమ్మకి సరిపోని పిల్లల్ని "వీడికి భక్తి చాలదు" అనేస్తాం. అది విని విని కొందరు సంఘానికి రావడమే మానేస్తున్నారు. ఇది సరికాదని నా అభిప్రాయం.

నేను కన్నడ మీడియంలో చదివి, తెలుగు రాయడం ఇంట్లో నేర్చుకున్నవాణ్ణి. పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వేరేవాళ్ళు చేసినదాంట్లో తేడా ఎక్కడుందో వెతకడం. అదీ దేవుడిచ్చిన చూపే అనుకుంటాను.

మన పక్కనున్న సీఎంసీ ఆసుపత్రి కథే చూడండి. ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో మిషనరీల ఇంట్లో పుట్టింది. ఇంటివాళ్ళ దారిలో నడవనంది. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమై చనిపోయారు. మగ డాక్టరు చూడకూడదన్నది అప్పటి కట్టుబాటు. ఆమె వెళ్ళి డాక్టరు చదివి, 1900లో తిరిగొచ్చింది. 1918లో ఆడపిల్లలకి వైద్య పాఠశాల పెట్టింది. గుడియాత్తం దారిలో ఊరూరా ఆగి మందులిచ్చింది.

పాల్ బ్రాండ్ డాక్టరు కాకముందు ఇళ్ళు కట్టే పని, వడ్రంగం నేర్చుకున్నాడు. 1946లో వేలూరు వచ్చి, కుష్ఠు రోగుల వంకరపోయిన వేళ్ళని ఆపరేషన్ చేసి మళ్ళీ పనిచేసేలా చేశాడు. వాళ్ళకి చేతిపని నేర్పేటప్పుడు ఆ వడ్రంగమూ అక్కరకొచ్చింది.

మేరీ వర్గీస్ గారిది ఇంకా పెద్ద పాఠం. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయింది. నిలబడి చేసే ఆపరేషన్లు ఇక కుదరవు. మిగిలినవి రెండు చేతులు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది. తర్వాత అవయవాలు చచ్చుబడినవాళ్ళని మళ్ళీ బతుకులో నిలబెట్టే విభాగాన్ని నడిపింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. ఇంకో ఐడా కావాలని ఆమె కూర్చుని ఏడ్వలేదు.

"అయితే ఎవరికి నచ్చింది వాళ్ళు చేసుకోవచ్చా, ఆదర్శం అక్కర్లేదా?" అని పెద్దలు అడగొచ్చు. ప్రేమ, నిజాయితీ, ఓర్పు అందరికీ ఒకటే. వాటిలో సడలింపు లేదు. పని మాత్రం ఒకటే కాదు. శరీరం ఒకటైనా అవయవాలు వేరువేరని పౌలు కొరింథీవాళ్ళకి రాసింది ఇదే కదా. పైగా ఈ ముగ్గురూ సుఖం చూసుకోలేదు. ఎదుటివాడి అవసరం దగ్గరికి తమ చేతిలో ఉన్నది తీసుకెళ్ళారు.

మన చేతిలో ఏముంది? రెండు మూడు భాషలున్నాయి. చిత్తూరు వైపు నుంచి, ఇంకా పైనుంచి తెలుగువాళ్ళు రోజూ వేలూరు ఆసుపత్రులకి వస్తారు. తమిళం రాక కౌంటర్ల దగ్గర దిక్కులు చూస్తుంటారు. వాళ్ళ పక్కన నిలబడి నాలుగు మాటలు అటూ ఇటూ చెప్పడం మన పిల్లలకి పుట్టుకతో వచ్చిన తలాంతు. దానికి మైకు అక్కర్లేదు.

ఈ క్రిస్మస్‌కి అందరం కూడినప్పుడు "ఎన్ని వాక్యాలు కంఠస్థం వచ్చు?" అని మాత్రమే అడక్కండి. "నీకేం బాగా వచ్చురా? దాన్తో ఎవరికి సాయం చేస్తావు?" అని కూడా అడగండి.